1024 యాంటెనాలు ఒకే మాట మీద నిలవాలంటే..

నంద్యాల సెల్ టవర్ నుంచి గాదంకి రాడార్ దాకా: ‘ఫేజ్’ సరిచేయడం అంటే ఏమిటి, అది తప్పితే మనకేంటి?

2019 సెప్టెంబరులో కుందూ పొంగినప్పుడు నంద్యాల, మహానంది వైపు ఊళ్లు ఎట్లా ఉన్నాయో ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అట్లాంటి వాన పడిన ప్రతిసారీ ఇళ్లల్లో ఒకే ప్రశ్న వస్తుంది: ఇంత పెద్ద వాన వస్తదని ముందే ఎందుకు సరిగ్గా చెప్పలేరు?

దానికి ఒక్క మాటలో జవాబు లేదు. కానీ ఒక సంగతి మాత్రం నిజం. వాన లెక్క మబ్బుతో మొదలు కాదు, మబ్బుని మోసే గాలితో మొదలవుతుంది. మన నెత్తి మీద 5 కిలోమీటర్ల ఎత్తులో, 10 కిలోమీటర్ల ఎత్తులో గాలి ఏ వైపు పోతోంది, ఎంత వేగంగా పోతోంది, పైకి లేస్తోందా కిందికి దిగుతోందా అనేది తెలిస్తేనే వాన ఎట్లా పుడుతుందో అర్థమవుతుంది. ఆ గాలిని కొలిచే పెద్ద రాడార్ ఒకటి మన రాయలసీమలోనే ఉంది. అందులో 1024 యాంటెనాలు ఉన్నాయి. ఆ 1024 కలిసికట్టుగా పనిచేయాలంటే ఒక పని తప్పకుండా చేయాలి. దాని పేరు ఫేజ్ కాలిబ్రేషన్. నంద్యాల, ఆళ్లగడ్డల్లో మన ఇంటి పక్కన ఉండే 5జీ టవర్‌కీ అదే పని అవసరం. రియాద్‌లో ఉన్న కొడుకుతో అమ్మీ వీడియో కాల్ మాట్లాడేటప్పుడు కూడా, కనపడకుండా ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది.

ఫేజ్ అంటే మనకి తెలిసిన మాటే

ఫేజ్ అనగానే భయపడక్కర్లేదు. బోరు మోటరు ఉన్న ప్రతి రైతుకీ ఈ మాట తెలుసు. త్రీ ఫేజ్ కరెంటులో మూడు తీగల్లోనూ వచ్చేది ఒకే రకం కరెంటు. వోల్టేజీ ఒకటే, సెకనుకి 50 సార్లు ఊగడమూ ఒకటే. మరి తేడా ఎక్కడ? ఒకటి ముందు పైకి లేస్తుంది, దాని తర్వాత ఇంకోటి, దాని తర్వాత మూడోది. ఒక పూర్తి ఊపుని 360 డిగ్రీలు అనుకుంటే, ఒక్కోదానికీ మధ్య 120 డిగ్రీల తేడా. స్టార్టర్ దగ్గర రెండు తీగలు అటు ఇటు మార్చి బిగిస్తే మోటరు వెనక్కి తిరుగుతుంది. కరెంటు మారలేదు, వరస మాత్రమే మారింది. ఆ వరసలో ఎవరు ఎంత ముందు, ఎంత వెనక అని చెప్పేదే ఫేజ్.

ఇప్పుడు షాదీఖానాకి వద్దాం. వలీమా రోజు స్టేజీకి రెండు వైపులా రెండు పెద్ద సౌండ్ బాక్సులు పెడతారు. తొందరలో ఒక బాక్సుకి ప్లస్, మైనస్ తీగలు తిరగేసి బిగించారనుకోండి. రెండు బాక్సులూ పనిచేస్తుంటాయి, దగ్గరికి పోయి చెవి పెడితే రెండింట్లోనూ చప్పుడు వస్తుంటుంది. కానీ మధ్యలో కూర్చున్నవాళ్లకి బేస్ వినపడదు. ఎందుకంటే ఒక బాక్సు గాలిని ముందుకి నెట్టే క్షణంలోనే రెండోది వెనక్కి లాగుతోంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

రేడియో తరంగాల సంగతీ అంతే. రెండు యాంటెనాలు ఒకే సిగ్నల్‌ని ఒకే ఫేజ్‌లో పంపితే, ఎదురుగా అందే బలం ఒక్క యాంటెనా కన్నా రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. ఫేజ్ 60 డిగ్రీలు తప్పితే అందులో ముప్పావు వంతే మిగులుతుంది. 90 డిగ్రీలు తప్పితే సగం. 180 డిగ్రీలు తప్పితే సున్నా. రెండు యాంటెనాలకీ కరెంటు ఖర్చు అయ్యింది, అందాల్సిన చోట మాత్రం ఏమీ అందలేదు.

గాదంకిలో ఏముంది?

ఆళ్లగడ్డ నుంచి మైదుకూరు, కడప మీదుగా తిరుపతి దాకా పోయి, అక్కడి నుంచి చిత్తూరు రోడ్డు పట్టుకుంటే గాదంకి వస్తుంది. అంతరిక్ష శాఖ కింద ఉండే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే ఉంది. అందరూ ‘నార్ల్’ అని పిలుస్తారు. 1990ల మొదట్లో ఇక్కడ ఎంఎస్‌టీ రాడార్ పెట్టారు. అప్పట్లో దాని పేరు జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రం. 2005లో నార్ల్ అయ్యింది.

మచిలీపట్నం, విశాఖపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఉన్నాయి. వాటిలో పెద్ద గిన్నె లాంటి యాంటెనా గుండ్రంగా తిరుగుతూ ఆకాశాన్ని చూస్తుంది. గాదంకిలో అట్లా తిరిగేది ఏమీ లేదు. సుమారు 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 32 వరసలు, వరసకి 32 చొప్పున 1024 యాంటెనాలు నిలబడి ఉంటాయి. పాత రోజుల్లో డాబాల మీద టీవీ కోసం పెట్టుకున్న యాంటెనాలు గుర్తున్నాయి కదా, అదే యాగీ జాతి, కాకపోతే సైజు పెద్దది. ఇవి పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. అంటే ఒక్కో తరంగం పొడవు దాదాపు 5.66 మీటర్లు.

మొదట్లో ఈ 1024 యాంటెనాలకి 32 పెద్ద ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. అన్నీ కలిపి గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు. తర్వాత రాడార్‌ని ఆధునీకరించి, ఒక్కో యాంటెనాకి ఒక్కో కిలోవాటు మాడ్యూల్ చొప్పున పెట్టారు. మేలు పెద్దదే. ఒక మాడ్యూల్ పాడైనా మిగతావి పనిచేస్తాయి, కిరణాన్ని కావలసిన వైపుకి ఇట్టే తిప్పొచ్చు. కానీ పని కూడా పెరిగింది. 32 చోట్ల చూసుకోవాల్సిన ఫేజ్‌ని ఇప్పుడు 1024 చోట్ల చూసుకోవాలి.

యాంటెనా కదలకుండా కిరణం ఎట్లా తిరుగుతుంది? ఫేజ్‌తోనే. పక్క పక్క యాంటెనాల మధ్య దూరం తరంగం పొడవులో 0.7 వంతు, అంటే సుమారు 4 మీటర్లు. ప్రతి వరసకీ ముందు వరస కన్నా దాదాపు 44 డిగ్రీల ఫేజ్ ఎక్కువ ఇస్తే, కిరణం నిటారుగా పోకుండా 10 డిగ్రీలు పక్కకి వంగుతుంది. నడినెత్తి మీదికి ఒకసారి, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం వైపులకి ఒక్కోసారి వంచి చూసి, వెనక్కి వచ్చిన ప్రతిధ్వనిని బట్టి సుమారు 20 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి లెక్క కడతారు.

అర డిగ్రీ తప్పితే ఏమవుతుంది?

అసలు కష్టం ఇక్కడ ఉంది. ఫేజ్ తప్పుల్లో రెండు రకాలు ఉన్నాయి.

మొదటి రకం, చెల్లాచెదురు తప్పులు. ఒక యాంటెనా కొంచెం ముందు, ఇంకోటి కొంచెం వెనక, ఒక పద్ధతి అంటూ లేకుండా. ఇట్లాంటివాటి సగటు 10 డిగ్రీలు ఉంటే నష్టం 3 శాతమే. 30 డిగ్రీలు ఉంటే పావు వంతు బలం పోతుంది. 60 డిగ్రీలకి చేరితే మూడో వంతే మిగులుతుంది. పోయిన బలం గాల్లో కలిసిపోదు, అనవసరమైన దిక్కులకి చిందుతుంది.

రెండో రకం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది కనపడదు. ప్రతి వరసకీ 2.2 డిగ్రీల చొప్పున ఒకే వైపు తప్పు పేరుకుంటూ పోయిందనుకోండి. ఒక్కో వరస దగ్గర చూస్తే చాలా చిన్న తప్పు. కానీ 32వ వరస దగ్గరికి వచ్చేసరికి అది 68 డిగ్రీలు అవుతుంది. సిగ్నల్ బలం ఏమాత్రం తగ్గదు, స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది. కిరణం మాత్రం నిటారుగా ఉండాల్సింది అర డిగ్రీ వంగిపోతుంది.

అర డిగ్రీయే కదా అనిపించొచ్చు. వానాకాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకి బలమైన గాలి వీస్తుంది. సెకనుకి 30 మీటర్లు, అంటే గంటకి 100 కిలోమీటర్లు దాటడం దానికి మామూలే. కిరణం అర డిగ్రీ వంగి ఉంటే ఆ అడ్డగాలిలో కొంచెం భాగం నిలువు గాలి లెక్కలోకి దొంగగా దూరుతుంది. ఎంత? సెకనుకి సుమారు 26 సెంటీమీటర్లు. మబ్బులు లేని వేళల్లో గాలి నిజంగా పైకి లేచే వేగం తరచుగా సెకనుకి కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది. అంటే అసలు కన్నా తప్పే పెద్దదైపోయింది. గాలి దిగుతుంటే లేస్తున్నట్టు, లేస్తుంటే దిగుతున్నట్టు పుస్తకంలో రాసుకుంటారు. ఆ లెక్క మీద చేసిన వాన పరిశోధన ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

క్లాక్ ఒకటే అయినా ఫేజ్ ఒకటి కాదు

‘అన్ని యాంటెనాలకీ ఒకే క్లాక్ ఇస్తే సరిపోతుంది కదా?’ అని ఇంజనీరింగ్ పిల్లలు కూడా అడుగుతుంటారు. సరిపోదు.

ఇంట్లో రెండు సీలింగ్ ఫ్యాన్లు సరిగ్గా ఒకే వేగంతో తిరుగుతున్నాయనుకోండి. వేగం ఒకటే, కానీ ఈ ఫ్యాను రెక్క కిటికీ వైపు ఉన్నప్పుడు ఆ ఫ్యాను రెక్క కూడా కిటికీ వైపే ఉండాలని ఏమీ లేదు. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే ఆ తేడా కూడా మారిపోతుంది. రేడియో ఛానెళ్లలో పై ఫ్రీక్వెన్సీని తయారు చేసే సర్క్యూట్లు చాలావరకు ఇట్లాగే ఉంటాయి. క్లాక్‌కి కట్టుబడి వేగం తప్పకుండా నడుస్తాయి, కానీ ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒక ఫేజ్ దగ్గర మొదలవుతాయి. అందుకే అట్లాంటి సిస్టమ్‌ని ఆన్ చేశాక మళ్లీ సరిచూసుకోవాలి.

దీనికి తోడు కేబుళ్లు, ఆంప్లిఫయర్లు, ఫిల్టర్లు. ఒక్కోటీ సిగ్నల్‌ని కొంచెం కొంచెం ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం ఎండకి కూడా మారుతుంది. వేసవిలో 44, 45 డిగ్రీలు దాటడం నంద్యాలకి కొత్త కాదు. ఎండకి రెండు ఛానెళ్ల దారుల మధ్య 3 మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకుందాం. గాదంకి రాడార్ తరంగం 5.66 మీటర్లు కాబట్టి దానికి ఇది 0.2 డిగ్రీలు కూడా కాదు. కానీ 3.5 గిగాహెర్ట్జ్ 5జీ తరంగం పొడవు 8.6 సెంటీమీటర్లే. అక్కడ అదే 3 మిల్లీమీటర్లు సుమారు 12.6 డిగ్రీల తప్పు. తరంగం చిన్నదైన కొద్దీ లెక్క కఠినం అవుతుంది.

సరిచేసేది ఎట్లా?

బంగారం కొట్టులో కాటా మీద నగ పెట్టే ముందు ఏం చేస్తారు? ఖాళీ కాటా సున్నా చూపిస్తోందా లేదా చూస్తారు. తర్వాత తెలిసిన బరువు పెట్టి సరిచూస్తారు. ఇక్కడా అంతే.

మొదట ఒక ఛానెల్‌ని ప్రమాణంగా పెట్టుకుంటారు. ఒకే చోట పుట్టిన పరీక్ష సిగ్నల్‌ని, సమానమైన పొడవున్న కేబుళ్ల ద్వారా అన్ని ఛానెళ్లలోకీ పంపుతారు. అవతలి కొసలో ఒక్కో ఛానెల్ ఎంత ముందు వచ్చింది, ఎంత వెనక వచ్చింది, బలం ఎంత అని కొలుస్తారు. ప్రమాణ ఛానెల్‌తో పోల్చి తేడాలన్నీ ఒక పట్టికలో రాసుకుంటారు.

తర్వాతి పని దుకాణం లెక్కలు చూసేవాళ్లకి బాగా తెలిసిందే. బ్యాంకు పాసుబుక్కులో ఒక నిల్వ, దుకాణం పద్దులో ఇంకో నిల్వ ఉంటే, తేడా ఎక్కడో చూసుకుని సర్దుబాటు పద్దు వేస్తాం. ఇక్కడ 37వ ఛానెల్ 14 డిగ్రీలు ముందు ఉంటే, దాని పద్దులో మైనస్ 14 వేస్తారు. ఈ కాలంలో ఇది చాలావరకు సాఫ్ట్‌వేర్‌లోనే అయిపోతుంది, కేబుల్ కోసి పొడవు మార్చక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పరీక్ష సిగ్నల్‌ని మోసుకెళ్లే కేబుళ్లే తేడాగా ఉంటే? తప్పుడు బాటు పెట్టి కాటా సరిచేసినట్టు అవుతుంది. ఆ కేబుళ్లను ముందు విడిగా కొలవాలి. పైగా ఈ పరీక్ష యాంటెనా వెనక దాకా ఉన్న తప్పుల్నే పట్టుకుంటుంది. యాంటెనాలు పక్క పక్కనే ఉండి ఒకదాన్నొకటి కదిలించే ప్రభావం దీనికి దొరకదు. అందుకే చివర్లో బయటి నుంచి కూడా చూడాలి.

ఆకాశంలో ఉన్న బాటు

బయటి నుంచి చూడాలంటే ఎక్కడుందో కచ్చితంగా తెలిసిన సిగ్నల్ కావాలి. గాదంకి వాళ్లకి అది ఆకాశంలోనే దొరికింది. దాని పేరు వర్గో–ఎ. సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎం87 అనే గెలాక్సీ అది. అక్కడి నుంచి రేడియో తరంగాలు ఎప్పుడూ వస్తుంటాయి. గాదంకి ఉన్న అక్షాంశానికి అది రోజుకోసారి నడినెత్తికి ఒక డిగ్రీ దగ్గర నుంచి దాటిపోతుంది. రాడార్ కిరణం ఎటు చూస్తోందో సరిచూసుకోవడానికి ఈ గెలాక్సీని వాడుకున్నారు.

పద్ధతి సులువు. రాడార్ ఏమీ పంపకుండా వింటూ ఉంటుంది. గెలాక్సీ కిరణంలోకి వచ్చేటప్పుడు చప్పుడు పెరుగుతుంది, దాటిపోయేటప్పుడు తగ్గుతుంది. సరిగ్గా ఏ నిమిషానికి ఎక్కువ వినపడాలో ఖగోళ లెక్కలు ముందే చెప్తాయి. ఆకాశం 4 నిమిషాలకి ఒక డిగ్రీ తిరుగుతుంది. కాబట్టి చప్పుడు 2 నిమిషాలు ఆలస్యంగా పెరిగిందంటే, కిరణం అర డిగ్రీ పడమరకి వంగి ఉందని అర్థం. స్క్రీన్ మీద దాక్కున్న ఆ దొంగ అర డిగ్రీ ఇక్కడ దొరికిపోతుంది.

2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా మొట్టమొదటి బ్లాక్‌హోల్ ఫొటో చూసింది గుర్తుందా? ఆ బ్లాక్‌హోల్ ఉన్నది ఈ ఎం87 గెలాక్సీలోనే. ఆ ఫొటో తీయడానికి కూడా వేరు వేరు ఖండాల్లో ఉన్న రేడియో టెలిస్కోపుల సిగ్నళ్లని అణు గడియారాల సాయంతో ఫేజ్ కలిపి ఒక్కటి చేశారు. పని ఒకటే, కొలత పెద్దది.

మన వీధి టవర్‌లో

దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. 3.5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో నడిచే 5జీ టవర్ల మీద పలకలాంటి ప్యానెళ్లలో 32 లేదా 64 ఛానెళ్లు ఉండే రకాలు ఉన్నాయి. గాదంకిలో మైదానం నిండా ఉన్న ఏర్పాటునే ఒక పలకలో కుదించినట్టు అనుకోండి. ఒకే సమయంలో మీ ఫోన్ వైపు ఒక కిరణం, పక్కింటి ఫోన్ వైపు ఇంకో కిరణం పంపుతుంది.

మీ ఫోన్ ఎక్కడుందో టవర్‌కి ఎట్లా తెలుస్తుంది? ఫోన్ పంపే చిన్న సిగ్నల్ 64 ఛానెళ్లకీ ఏ ఫేజ్‌లో వచ్చిందో చూసి, దాన్నే తిరగేసి వెనక్కి పంపుతుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి పోయే రోడ్డూ, వచ్చే రోడ్డూ ఒక్కటే అయినట్టు, గాల్లో దారి రెండు వైపులా ఒకటే. కానీ బస్టాండులో లోపలికి వచ్చే గేటు వేరు, బయటికి పోయే గేటు వేరు అయితే, అక్కడ పట్టే సమయం వేరు కదా. టవర్‌లో సిగ్నల్ అందుకునే సర్క్యూట్ వేరు, పంపే సర్క్యూట్ వేరు. ఆ తేడాని కొలిచి తీసేయకపోతే, మీకు రావాల్సిన కిరణం కొంచెం పక్కకి పోతుంది, పక్కవాళ్ల కిరణం కొంచెం మీ ఫోన్‌లో చిందుతుంది. అందుకే ఇట్లాంటి ప్యానెళ్లు నడుస్తూనే తమను తాము సరిచూసుకునేలా తయారు చేస్తారు.

దీని అర్థం ఫోన్‌లో నెట్ నెమ్మదించిన ప్రతిసారీ ఫేజ్ తప్పిందని కాదు. జనం ఎక్కువై ఉండొచ్చు, టవర్ దూరం కావొచ్చు, గోడలు మందం కావొచ్చు. ఫేజ్ సంగతి కంపెనీ వాళ్లు చూసుకోవాల్సింది, ఫోన్ సెట్టింగుల్లో మనం మార్చేది ఏమీ లేదు. ‘యాంటెనా బూస్టర్ స్టిక్కర్’ అని ఎవరైనా అమ్మితే డబ్బులు పారేసుకోవద్దు. ఒకే చోట రోజులకి రోజులు ఇబ్బంది ఉంటే, ఎక్కడ, ఏ టైముకి అని రాసిపెట్టుకుని కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవడమే సరైన దారి.

చదువుకునే పిల్లలకి

నంద్యాల కాలేజీల్లో ఈసీఈ చదివే పిల్లలు దీన్ని పుస్తకంలోనే కాదు, చేతితో కూడా చూడొచ్చు. నానో వీఎన్‌ఏ అనే చిన్న పరికరం కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం గాల్లో 33 సెంటీమీటర్లు ఉంటే, ఆర్‌జీ–58 కేబుల్‌లో 22 సెంటీమీటర్లే ఉంటుంది. ఒక సిగ్నల్‌ని రెండుగా చీల్చి, సమానమైన రెండు కేబుళ్లలో పంపి మళ్లీ కలిపి చూడండి. తర్వాత ఒక కేబుల్‌ని 11 సెంటీమీటర్లు పొడవు చేసి చూడండి. రెండు సిగ్నళ్లూ ఒకదాన్నొకటి మింగేయడం స్క్రీన్ మీద కనిపిస్తుంది. అయిదు ఛానెళ్లు ఉండి, తనలోనే పరీక్ష సిగ్నల్ పుట్టించుకుని ఫేజ్ సరిచేసుకునే క్రాకెన్ ఎస్‌డీఆర్ లాంటి రిసీవర్లు కూడా ఉన్నాయి. వినడం వేరు, పంపడం వేరు. గాల్లోకి సిగ్నల్ పంపాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి, అది మరిచిపోవద్దు.

టెలికాం, రాడార్, ఉపగ్రహాలు, ఎక్కడికి పోయినా ఇప్పుడు యాంటెనాలు ఒకటి రెండు కాదు, పదులు, వందలు. వాటిని ఒక్క తాటి మీదికి తెచ్చే పని తెలిసినవాళ్లు అన్ని చోట్లా కావాలి. నార్ల్‌లో పరిశోధన చేసే విద్యార్థులకి కూడా చోటు ఉంటుంది. దాని కోసం దూరదేశం పోనక్కర్లేదు, మన ఊరి బస్సెక్కి కడప మీదుగా పోతే ఒక పూటలో గాదంకి చేరుకోవచ్చు.